పదకొండో అధ్యాయంలో హీరో పారిపోయాడు

ఇతరుల తప్పులు పట్టుకుని జీతం తీసుకున్న మనిషిని నేను. బందరులో ఒకే ప్రెస్సులో ముప్పై ఎనిమిదేళ్ళు ప్రూఫ్ రీడరుగా పనిచేశాను. పెళ్ళి శుభలేఖలు, చర్చి పాటల పుస్తకాలు, పంచాంగాలు, కాలేజీ సావనీర్లు, రిటైరైన ఆఫీసర్లు రాసుకున్న శతకాలు, అన్నీ నా కళ్ళ కిందనుంచే వెళ్ళాయి. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. ప్రెస్సుకి కొత్తగా వచ్చినవాళ్ళు "సాయిబు గారు పంచాంగం దిద్దుతారా" అని మా ఓనరు చెవిలో అడిగేవారు. "ఆయన దిద్దకపోతే మీ ఏకాదశి ద్వాదశి అయిపోద్ది" అనేవాడు ఆయన. ఆ మాట వినబడనట్టు తలవంచుకుని కూర్చోవడం నాకు చాలా ఇష్టంగా ఉండేది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఇన్నేళ్ళలో మీరు చేసిన పెద్ద తప్పు ఏమిటని. ఒక శుభలేఖలో వరుడి పేరూ వరుడి తండ్రి పేరూ తారుమారైన సంగతి చెబుతాను. నవ్వుకుని వెళ్ళిపోతారు. నిజానికి అది చిన్న తప్పు. ఆ పెళ్ళి అనుకున్న ముహూర్తానికి, అనుకున్న మనిషితోనే జరిగింది. పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. రిటైరవడానికి ఏడు నెలల ముందు చేశాను. ఇది మీరు నవ్వుకోవడానికి కూడా పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను.

ముందు మా పని పద్ధతి ఒక్క ముక్క చెప్పాలి. రచయిత చేత్తో రాసి ఇచ్చింది కాపీ. దాన్ని చూసి ఆపరేటరు కంప్యూటర్లో కొట్టి తీసిన కాగితం ప్రూఫు. ఒకరు కాపీని పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు మీద కళ్ళు పెట్టి వినాలి. తేడా వచ్చినచోట పెన్ను పడాలి. పైకి చదివే మనిషిని కాపీ హోల్డరు అంటారు. మా కాపీ హోల్డరు కంటి ఆపరేషను చేయించుకుని గుడివాడలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టడానికి ఓనరుకి మనసు రాలేదు. అప్పుడు నేనొక రూలు పెట్టాను. ఎవరి పుస్తకం వాళ్ళే వచ్చి నా ఎదురుగా కూర్చుని చదవాలి. రచయితలు దీన్ని శిక్ష అనుకుంటారేమోనని భయపడ్డాను కానీ, వాళ్ళకి పండగే అయింది. తమ పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దాకా వినే మనిషి వాళ్ళకి ఇంట్లో కూడా దొరకడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, ఆ లోకువకే నాకు జీతం.

ఆ వేసవిలో ఒకాయన తన మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయనది గుడివాడ, రొయ్యల చెరువులున్నాయి. మాట్లాడితే పక్కవీధి దాకా వినిపించే గొంతు. కుర్రాడికి పదిహేడేళ్ళు. కోడూరు అవతల, కరకట్టకి ఏటివైపున ఉన్న ఊరు వాళ్ళది. తండ్రి రొయ్యల లారీ మీద డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు.

"మా మేనల్లుడండీ" అన్నాడు మేనమామ, వాడి భుజం మీద చెయ్యి వేసి. "రెండేళ్ళ కిందట వరదొచ్చింది చూడండి, అప్పుడు వాళ్ళ మామ్మని వీపున మోసుకుని నీళ్ళలోంచి బయటికి తెచ్చాడు. నేను గుడివాడ నుంచి బండేసుకుని వెళ్ళేసరికి కట్ట మీద మామ్మ చెయ్యి పట్టుకుని నిలబడున్నాడు. నా కళ్ళతో చూశాను. ఊళ్ళో శాలువా కప్పించాను, పేపర్లో వేయించాను. ఇప్పుడు వాడే దాన్ని నవలగా రాశాడు. మన కుర్రాళ్ళు చదివి నేర్చుకోవాలండీ."

కుర్రాడు నాలుగు లాంగ్ నోటుబుక్కులు నా బల్ల మీద పెట్టాడు. కథంతా నీలం సిరా, హీరో మాట్లాడే మాటలు మాత్రం ఎర్ర సిరా. పిల్లల కోసం రాసిన నవల, చెప్పేవాడు హీరోనే, అంతా 'నేను' అని సాగుతుంది. మొదటి పది అధ్యాయాల్లో హీరో పిరికివాడు. బల్లిని చూసి మంచమెక్కుతాడు, తరగతిలో తన పేరు పిలిస్తే చెమటలు పట్టి "ప్రెజెంట్" అనడం మరిచిపోతాడు. పదకొండో అధ్యాయంలో వరద వస్తుంది, మామ్మని వీపున వేసుకుని నీళ్ళలోకి దూకుతాడు, మనిషి మారిపోతాడు. అక్కణ్ణుంచి ఇరవయ్యో అధ్యాయం దాకా వాడికి ఎదురు లేదు. ఇసుక లారీలు ఆపుతాడు, దొంగల్ని చెట్టుకి కడతాడు, ఒకచోట తుపానుకే వేలు చూపించి బెదిరిస్తాడు. నిజం చెప్పొద్దూ, పిరికివాడిగా ఉన్న ఆ పది అధ్యాయాలూ చాలా బాగున్నాయి. మిగతా పదీ చదువుతుంటే నాకు టీ మీదకి ధ్యాస పోయేది.

అట్ట మీద బొమ్మ మేనమామ చెప్పినట్టే తయారైంది. కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, వెనకాల వరద, వరద వెనకాల మంటలు. నీళ్ళలో మంటలు ఎందుకని మా ఆపరేటరు అమ్మాయిని అడిగాను.

"పవర్ కోసమంట అంకుల్" అంది ఆ అమ్మాయి.

ఆ అమ్మాయి గుడ్లవల్లేరులో ఇంజినీరింగు చదివింది. బెంగళూరు నుంచి ఉద్యోగానికి పిలుపు వచ్చేదాకా అని మా దగ్గర చేరింది, ఆ పిలుపు మూడేళ్ళుగా వస్తూనే ఉంది. ఆమె తెచ్చే జీతం తప్ప వాళ్ళింట్లో వేరే ఆధారం లేదని నాకు తెలుసు. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే అర్థమవుతుంది.

శనివారం శనివారం కుర్రాడు బస్సెక్కి బందరు వచ్చి నాకు చదివి వినిపించేవాడు. గొంతు బాగుంటుంది, తడబాటు లేదు. పది అధ్యాయాలు రెండు శనివారాల్లో అయిపోయాయి. మూడో శనివారం పదకొండో అధ్యాయం మొదలుపెట్టాం. నీళ్ళు గడప దాటాయి. ప్రూఫులో నా వేలు 'నేను మామ్మని వీపున వేసుకుని నీళ్ళలోకి దూకాను' అన్న వాక్యం మీద ఉంది. వాడు "నేను కట్ట మీదకి పరుగెత్తాను" అని చదివాడు.

"ఆగు నాయనా" అన్నాను. "ఇక్కడ దూకాను అనుంది. నువ్వు పరుగెత్తాను అంటున్నావు. నోటుబుక్కులో ఏముంది?"

వాడు నోటుబుక్కు వైపు చాలాసేపు చూశాడు. "దూకాను అనే ఉందండి."

"ఉన్నది చదవాలి. కాపీ హోల్డరు సొంత కవిత్వం చెప్పకూడదు."

"అలాగేనండి" అని మళ్ళీ మొదటినుంచి చదివాడు. దూకాడు, ఈదాడు, సుడిగుండం దాటాడు, మొసలి ఎదురొచ్చింది.

"కరకట్ట దగ్గర మొసలి ఎక్కడిది?" అన్నాను.

"వరదకి కొట్టుకొచ్చిందండి. అది లేకపోతే చాప్టరు చిన్నదైపోద్ది మాస్టారూ."

నేను నవ్వి మొసలిని ఉండనిచ్చాను. ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, చదువుతున్న గొంతు ఎక్కడ తడబడిందో అక్కడ ఏదో ఉంటుందని తెలిసినవాణ్ణి, వాడు నోరు తెరిచి నిజం చెప్పబోతే ఉన్నది చదవమని కసిరి నోరు మూయించాను. అయితే నేను మొదట చెప్పిన పెద్ద తప్పు ఇది కాదు. ఇది దానికి ముందు మెట్టు.

ఆ మరుసటి వారం వాడితో పాటు చెల్లెలు కూడా వచ్చింది. పదో తరగతి పిల్ల, ఆధార్ కార్డులో ఏదో మార్పించుకోవాలని బందరు వచ్చింది. అన్నయ్య జిరాక్సు తీయించడానికి బయటికి వెళ్తే నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని ప్రూఫు ఆమె ముందుకి జరిపాను.

"నువ్వు కూడా ఉన్నావమ్మా ఇందులో. ఇదిగో, అన్నయ్య ఈదుకుంటూ వెళ్తుంటే చూరు పట్టుకుని ఏడుస్తూ ఉంటావు" అన్నాను.

ఆ పిల్ల నిదానంగా ఆ పేజీ అంతా చదివింది. "నేను ఏడవలేదండి" అంది.

"కథ కదమ్మా."

"కథైనా ఏడవలేదండి. నేను ఏడిస్తే మామ్మ భయపడుద్దని ఏడవలేదు. మామ్మ అప్పుడు జ్వరంతో మంచం మీంచి లేవలేదుగా. నాన్న తెచ్చిన థర్మాకోల్ పెట్టెలు, రొయ్యలకి వేస్తారు చూడండి, అవి రెండు ఉంటే మామ్మ చీరతో కట్టాను. మామ్మని వాటిని వాటేసుకోమని వెనకాల నుంచి తోసుకుంటా వెళ్ళాను. నీళ్ళు నాకు ఇక్కడిదాకా వచ్చినయ్యి" అని మెడ మీద చెయ్యి పెట్టి చూపించింది.

"మరి అన్నయ్య?"

"అమ్మ గేదెల్ని తోలుకుని కట్టెక్కుతా, అన్నయ్యని మామ్మ దగ్గరుండమంది. అన్నయ్యకి నీళ్ళంటే భయమండి, పరిగెత్తేశాడు. మేం కట్ట కిందకి రాగానే దిగొచ్చి మామ్మ చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. అప్పుడే మావయ్య బండి దిగాడు. మావయ్య అందరికీ చెప్పేశాడు. అన్నయ్య కాదనలేకపోయాడు. నాకేం కోపం లేదండి."

"కోపం లేకపోతే నాకెందుకు చెబుతున్నావమ్మా?"

"వరద టీము అని పంచాయతీలో లిస్టు రాశారండి. నీళ్ళొస్తే ముసలోళ్ళని మోసుకొచ్చేవాళ్ళది. అందులో మొదటి పేరు అన్నయ్యదే. పై వీధి మంచం మీదున్న తాతగారింట్లో వాళ్ళు, మీ వాడున్నాడుగా మాకేం భయం అంటన్నారు. అన్నయ్యకి ఈత రాదండి."

అట్ట మీద చేతులు కట్టుకున్న కుర్రాడు, లోపల మొసలి, అవతల ఎవరో తాతగారు ఇతన్ని నమ్ముకుని మంచం మీద పడుకుని ఉన్నాడు. ఈ పుస్తకం అచ్చయి ఊళ్ళో పంచిపెడితే ఆ లిస్టులో పేరు ఇక చచ్చినా చెరగదు. నేను కామాలు దిద్దుకుంటూ కూర్చున్నాను.

చివరి ప్రూఫు రోజున వాడు వచ్చి కూర్చోగానే నోటుబుక్కు నా చేతిలోకి తీసుకుని మూసేశాను.

"ఇవాళ పదకొండో అధ్యాయం నోటుబుక్కు చూడకుండా చదువు. నీకు గుర్తున్నది చదువు. నేను విన్నది దిద్దుతాను."

వాడికి వెంటనే అర్థమైంది. తలుపు వైపు చూశాడు. "చెల్లి చెప్పిందాండి?"

"చెప్పింది."

"మావయ్య ఊరుకోడండి."

"మావయ్య పుస్తకం చదువుతాడా?"

"చదవడండి."

"మరి ఇంకేం."

ఇలా చేయడం మా వృత్తిలో మహాపాపం. కాపీలో లేనిది ప్రూఫులోకి రాకూడదు. కంచే చేను మేసినట్టని ఇంకొకరు చేస్తే నేనే తిట్టేవాణ్ణి. అయినా ఆ రోజు పెన్ను తీసుకుని మార్జిన్లో రాయడం మొదలుపెట్టాను. వాడు మొదట నసిగాడు, తరవాత గొంతు దానంతటదే సర్దుకుంది. "నేను కట్ట మీదకి పరుగెత్తాను. వెనక నుంచి మామ్మ నన్ను పిలిచింది. చెల్లిని కాదు, నన్నే పిలిచింది. నాకు వినపడింది. కట్టెక్కి ఊపిరి తీసుకున్నాక చూస్తే చెల్లి నా పక్కన లేదు." ఇలా ఇరవై నిమిషాలు చదివాడు. మొసలి రాలేదు. నాకు కళ్ళు తడిశాయి, దాచుకోలేదు కూడా. పిరికితనం గురించి అంత ధైర్యంగా రాసిన పేజీలు నేను దిద్దినవాటిలో అవే. నాలుగు పేజీల నిండా ఎర్రగా దిద్ది, కింద 'ప్రింటుకు ఇవ్వవచ్చు' అని రాసి సంతకం పెట్టాను. మూల ప్రతి నా సొరుగులో పెట్టుకుని జిరాక్సు ఆపరేటరు అమ్మాయికి ఇచ్చాను.

తరవాత వచ్చే తొమ్మిది అధ్యాయాల సంగతి ఏమిటని మీరు అడగొచ్చు. పదకొండులో పారిపోయినవాడు పన్నెండులో లారీలు ఎలా ఆపుతాడు? వాడూ అదే అడిగాడు. పారిపోయి వచ్చినవాడు కూడా ఇసుక లారీ ఆపొచ్చు, ముందుకి పోనీయమన్నాను. ప్రింటుకి రెండు రోజులే టైముంది మరి.

ఆపరేటరు అమ్మాయి ఆ కాగితాలు తిప్పి తిప్పి చూసింది. "అంకుల్, ఇది నోటుబుక్కులో లేదు కదా?"

"రచయిత చెప్పిన కరెక్షనేనమ్మా. కొట్టెయ్యి."

ఆవిష్కరణ సభ వాళ్ళ ఊరి హైస్కూల్లో, వానలు మొదలవుతున్న రోజుల్లో జరిగింది. పుస్తకాల కట్టలతో నేనూ కోడూరు బస్సెక్కి వెళ్ళాను. స్టేజీ మీద ముఖ్య అతిథిగా ఒక రిటైర్డ్ ప్రిన్సిపాలు, పక్కన పంచాయతీ కార్యదర్శి, మధ్యలో మేనమామ. ముందు వరసలో కుర్రాడి మామ్మ కుర్చీలో కూర్చుంది, ఆవిడ పక్కన చెల్లెలు. మన సభల్లో ముఖ్య అతిథి పుస్తకం చదివి రావడం ఎప్పుడూ లేదు కాబట్టి, మేనమామ పదకొండో అధ్యాయం దగ్గర చీటీ పెట్టి ఉంచాడు, అక్కడ తెరిచి ఒక పేజీ చదివితే చాలని. ఆయన తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, మైకులో గంభీరంగా చదివాడు. "నేను కట్ట మీదకి పరుగెత్తాను. వెనక నుంచి మామ్మ నన్ను పిలిచింది."

మూడో వాక్యానికి సభ సద్దుమణిగింది. అయిదో వాక్యానికి మేనమామ ప్రిన్సిపాలు భుజం మీంచి పుస్తకంలోకి తొంగిచూశాడు. నేను వెనక వరసలో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అయితే ఆ ప్రిన్సిపాలు అలాంటి సభలు ఎన్నో చూసిన మనిషి. పేజీ పూర్తి చేసి, పుస్తకం మూసి, "చూశారా ఈ అబ్బాయి వినయం. తాను చేసిన సాహసాన్ని చెల్లెలికి అంటగట్టి తాను పారిపోయానని రాసుకున్నాడు. నిజమైన వీరులు ఇలాగే ఉంటారు" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి.

నేను తలపట్టుకున్నాను. నిజం చెబితే దాన్ని కూడా గొప్పతనం కింద జమ వేసేశారు. ఇక వాడికి విముక్తి లేదనుకున్నాను.

అప్పుడు ముందు వరస నుంచి మామ్మ మాట్లాడింది. వినికిడి తక్కువ కాబట్టి ఆవిడ గొంతుకి మైకు అవసరం లేదు. "వినయం కాదు ఏం కాదు. పాపే తీసుకొచ్చింది నన్ను. తెల్ల పెట్టెలు కట్టి తోసుకొచ్చింది. పుస్తకంలో సరిగ్గానే రాశాడు."

"అత్తయ్య గారూ, మీకు గుర్తుండదు, ఊరుకోండి" అన్నాడు మేనమామ స్టేజీ మీంచి.

"నన్ను తోసుకొచ్చిన పిల్ల నాకు గుర్తుండదా."

వెనక నుంచి ఎవరో అడిగారు, "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం మామ్మా?"

"నన్నెవరడిగారు? శాలువా కప్పేటప్పుడు ఫొటోకి అడ్డంగా ఉన్నానని పక్కకి జరగమన్నారు. జరిగాను."

కొందరు నవ్వారు, కొందరు పెద్దావిడకి మతి తప్పిందన్నారు. ఆ గోలలో కుర్రాడు లేచి పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళ్ళాడు. నేను అప్పటికి స్టేజీ పక్కకి వచ్చేశాను కాబట్టి వినబడింది. "సార్, వరద టీము లిస్టులో నా పేరు తీసెయ్యండి. నాకు ఈత రాదు" అన్నాడు.

"లిస్టు మండలానికి వెళ్ళిపోయింది బాబూ. ఇప్పుడు మారిస్తే మళ్ళీ పంపాలి."

"పంపండి సార్. నేనొస్తానని ఎవరన్నా ఇంట్లో ఆగిపోతే మునిగిపోతారు."

కార్యదర్శి వాడి మొహంలోకి చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, ఆహ్వానపత్రిక వెనకాల రాసుకున్నాడు. ఆ పేరు మర్నాడే తీసేశారని తరవాత తెలిసింది. ఆ ఏడాది వరద రాలేదు, కానీ వస్తుందో రాదో ఆ రోజు ఎవరికీ తెలియదు.

ఇక్కడితో ఆపితే నేను మంచివాడిగా మిగిలేవాణ్ణి. కానీ ఆ మర్నాడు పొద్దున్నే మేనమామ ప్రెస్సుకి వచ్చాడు.

పుస్తకం ఓనరు బల్ల మీద పడేశాడు. "ఏవండీ, మా వాడు రాసిందేంటి, మీరు అచ్చేసిందేంటి? ఊళ్ళో నా పరువు తీశారు. ముసలావిడకేమో మతి లేదు, మీకేమైంది? ఈ పేజీలు ఎవరు రాశారు?"

ఓనరుకి పాపం ఏమీ తెలియదు. ఆయన అచ్చేసే పుస్తకాలు ఆయన చదవడు. నా వైపు తిరిగాడు. "ఏంటి మాస్టారూ ఇది?"

పిల్లలూ, ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. 'నేనే మార్పించాను' అంటే చాలు. మూల ప్రతి నా మోకాళ్ళకి తగిలే సొరుగులో ఉంది, నా సంతకంతో. ఒక పదిహేడేళ్ళ కుర్రాడికి నిజం చెప్పడం నేర్పానని ముందు రోజు బస్సులో వస్తూ దారి పొడవునా మురిసిపోయిన మనిషిని. ఆ గొంతు వినేసరికి, ఓనరు చూపు చూసేసరికి, ముప్పై ఎనిమిదేళ్ళు మచ్చ లేని పేరు రిటైరవడానికి ఏడు నెలల ముందు పోతుందేమోనన్న భయం పట్టుకుంది.

"నేను చూసిన ప్రూఫులో సరిగ్గానే ఉందండీ" అన్నాను. "కంపోజింగులో ఏదో పాత ఫైలు కలిసిపోయినట్టుంది."

ఓనరు వెంటనే లోపలి గది వైపు తిరిగాడు. ఆపరేటరు అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి ఉంది. అంతా వింది. "ఇంజినీరింగు చదివి నేర్చుకుంది ఇదేనా?" అన్నాడు ఓనరు. "పార్టీకి ఏం చెప్పమంటావు ఇప్పుడు? రేపట్నించి రావద్దు."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను బల్ల మీద పెన్ను మూత కోసం వెతికాను. మూత పెన్నుకే ఉంది.

అమ్మాయి లోపలికి వెళ్ళి టిఫిన్ డబ్బా, గొడుగు సర్దుకుంటున్న చప్పుడు వినబడింది. మేనమామ పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుని మళ్ళీ అచ్చువేయమని అడుగుతున్నాడు, ఓనరు తల ఊపుతున్నాడు. అంతలో కుర్రాడు వచ్చాడు. మావయ్య బయల్దేరాడని తెలిసి వెనకాలే వచ్చే బస్సు పట్టుకున్నాడట. చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

"మావయ్యా, ప్రెస్సువాళ్ళు ఏం మార్చలేదు. నేనే మార్చాను" అన్నాడు.

"నువ్వూరుకోరా, నీకు తెలీదు."

"నాకే తెలుసు మావయ్యా. మాస్టారు నోటుబుక్కు మూసి, జరిగింది చదవమన్నారు. నేను చదివాను, ఆయన రాసుకున్నారు. కింద సంతకం కూడా పెట్టారు. ఆ కాగితం ఆయన సొరుగులోనే ఉంది, చూడండి."

వాడు నన్ను పట్టివ్వాలని చెప్పలేదు. అంతకుముందు నేనేం చెప్పానో వాడికి తెలియదు. నాకు సాక్ష్యంగా నిలబడుతున్నాననుకున్నాడు. ఓనరు, మేనమామ ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను సొరుగు తెరిచి ఆ నాలుగు పేజీలూ తీసి మేనమామ చేతికిచ్చాను. ఆ గదిలో నా మొహం చూడనివాడు నేనొక్కణ్ణే.

మేనమామ నిలబడే చదవడం మొదలుపెట్టాడు. మేనల్లుడి నవలలో ఆయన చదివిన మొదటి పేజీలు అవే అనుకుంటాను. రెండో పేజీకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అయ్యాక మాట్లాడాడు, ఈసారి గొంతు పక్కవీధికి కాదు కదా పక్కగదికి కూడా వినబడేలా లేదు.

"మరి ఆ రోజు కట్ట మీద మామ్మ చెయ్యి పట్టుకుని ఉన్నావే."

"చెయ్యే పట్టుకున్నాను మావయ్యా. అంతే."

"నేను ఊరంతా చెప్పానే."

"మీరు చెప్తుంటే బాగుండేది మావయ్యా" అన్నాడు వాడు. "అందుకే చెప్పలేకపోయాను."

మేనమామ ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పుస్తకాలు వెనక్కి తీసుకోమని మళ్ళీ అడగలేదు. మేనల్లుణ్ణి బండి వెనక ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి "దాని సైజు ఏదో, పాపకి ఓ జత బట్టలు కొనాలి, పద" అన్నాడు.

ఓనరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. లోపలి గదిలోకి కేకేసి, "అమ్మాయ్, రేపు మామూలుగానే రా" అని టీ తాగడానికి బయటికి పోయాడు. ఆయన తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

నేను లేచి లోపలి గదిలోకి వెళ్ళాను. ఆ అమ్మాయి సర్దిన డబ్బా, గొడుగు బల్ల మీదే ఉన్నాయి. కంప్యూటర్ ఆన్ చేస్తోంది. చెప్పాల్సింది ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక ముందు ఆమెనే అడిగాను, పెద్దవాణ్ణి కదా, అలవాటు.

"ఆ కరెక్షను నేనే ఇచ్చానని నీకు తెలుసు కదమ్మా. నువ్వడిగితే కొట్టెయ్యమన్నాను కూడా. ఓనరు అలా అంటుంటే ఎందుకు ఊరుకున్నావు?"

ఆ అమ్మాయి స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా చెప్పింది.

"మీరు చెప్తారని చూశాను అంకుల్."